ఆకాశదీపానికి ఎదురొచ్చిన విమానం

మిల్లు వెనకాల మైదానం చివర చింతచెట్టుంది చూడండి, కాయలు రాలి కుళ్లిపోతున్నా ఎవరూ ఏరుకోరు, ఆ చెట్టు సంగతి చెబుతాను, కాస్త దగ్గరికి జరగండి, గట్టిగా చెప్పే మాట కాదిది. నారాయణ, నారాయణ.

ఆ మైదానంలో అప్పట్లో చక్కెర మిల్లు యజమాని చిన్న విమానం దిగేది, ఎగిరేది. నడిపేవాడు ఫణీంద్ర అని, నవ్వుమొహం పిల్లాడు. ‘అత్తయ్యగారూ, మీ ఊరి మంచు మా ఊరి పాలకన్నా చిక్కన’ అని మా మేనత్త వరహాలమ్మని ఆటపట్టిస్తే, ‘మేం నీళ్లు కలపం నాయనా’ అనేదట ఆవిడ. మంచు పట్టిన పొద్దున కాపలావాడు సింహాచలం విమానం పరుగెత్తే బాట కొసన లాంతరు పెడితే, ఆ వెలుగుకేసి సూటిగా పరుగెత్తించి విమానాన్ని లేపేవాడు.

మా మావయ్య ఏటి వరదలో పోయాడు, శవమైనా దొరకలేదు. పాపం, దారి వెతుక్కుంటూ ఉంటాడని మా అత్త కార్తీకమంతా ఆ చింతకొమ్మకి ఆకాశదీపం కట్టేది, తెల్లవార్లూ ఆరనిచ్చేది కాదు. ఊళ్లో అంత ఎత్తు చెట్టు ఇంకోటి లేదు మరి, తప్పెలా పడతాం?

ఒక కార్తీకంలో చేయి చాపితే వేళ్లు కనపడనంత మంచు. చెమ్మకి సింహాచలం లాంతరు ఆరిపోయింది, వాడు చూసుకోలేదు. ఫణీంద్రకి కనపడింది ఒకటే దీపం, బాట కొస అదేననుకుని అటే పరుగెత్తించాడు, ఇంకేముంది, విమానం లేస్తూనే చెట్టుకి కొట్టుకుంది. ఆ పిల్లాడు దక్కలేదు. దీపం మాత్రం ఆరలేదట!

మరుసటేడు ఊరంతా, ‘ఆ దీపం మానెయ్యి వరహాలూ, ఒకణ్ణి మింగింది చాలదా’ అన్నారు. ‘మీ మొగుళ్లు ఇళ్లల్లో ఉన్నారు, మీకేం’ అని ఆవిడ మళ్లీ కట్టింది. మంచు దిగిన ఓ పొద్దున వత్తి ఎగదోయడానికి వెళ్లింది, తోడుగా మా అమ్మ వెళ్లింది, ఇదంతా మా అమ్మ చెప్పిందే. మైదానంలో విమానం మోత! విమానం లేదు, మోతే. చెట్టు దాకా వచ్చి ఆగుతోంది, మళ్లీ మొదటికి పోతోంది. ఏమే, నవ్వుతావేం? చెట్టు కింద ఎవరో మెల్లగా, ‘అత్తయ్యగారూ, ఇటేనా దారి?’ అని అడిగారట.

మా అత్త దీపం దించి, మంచులో తడుముకుంటూ బాట కొసకి మోసుకెళ్లి పెట్టి, ‘ఇటు నాయనా’ అంది. మోత తలమీదుగా దూసుకుపోయి, పైకి, ఇంకా పైకి పోయి, ఆకాశంలో కలిసిపోయింది. ఆ గాలికి దీపం ఆరింది. రామ రామ అని దణ్ణం పెట్టుకునేలోగా, వెనక చెట్టు కింద నీళ్లోడుతున్న అడుగుల చప్పుడు, ‘వరహాలూ, దీపం ఏదే?’ అని. మా మావయ్య గొంతే.

మా అమ్మ గట్టిగా ఆవిడ చెయ్యి పట్టుకుంది. ‘వదులు వదినా, ఇన్నాళ్లకి వచ్చారు. దీపం లేకపోతేనేం, నేను లేనూ?’ అని మా అత్త విడిపించుకుని మంచులోకి నడిచిపోయింది. మంచు విడేసరికి చెట్టు కింద రెండు జతల తడి అడుగులు, ఏటి వైపు. తిరిగొచ్చినవి లేవు.

ఇప్పుడక్కడ దీపం కట్టేవాళ్లు లేరు, దారి అడిగేవాళ్లు మాత్రం ఉన్నారట. మంచు పట్టిన పొద్దున చెంబు పట్టుకుని అటు పోకండి. ఊళ్లో తుప్పలకేం కరువు?