ఆ ఏట్ల ఇడిసిన నీళ్లు

"చిన్నతాతా, నువ్వు జపాను వోయిన ముచ్చట చెప్పు, రాసుకుంట" అంటివి గద బిడ్డా. గా ముచ్చట ఊరికి మొదలు జెప్పింది మీ తాత, మా అన్న రామలింగం. ఆయన జెప్పిందే నారాయణపేటంత తిరిగింది. నన్ను ఎవలు అడగలే. ఇయ్యాల ఇను.

అరవైలల్ల, ఏ ఏడో యాదికి లేదు. మగ్గం పని జూసొస్తరని సర్కారోళ్లు మమ్ముల ముగ్గురు నేతోళ్లను ఓడెక్కిచ్చిండ్రు. గుట్టల నడుమ, ఏటొడ్డున ఒక ఊరు. చెట్టుపట్టతోని కాయితం జేసుడు, నీలం రంగు బట్టలు ఏట్ల జాడిచ్చుడు, గదే వాళ్ల బతుకు. పని మాత్రం బంగారం, ఒప్పుకోవాలె. గని గంత ఏరు పారుతున్నా సప్పుడు లేదు బిడ్డా. పిట్ట గూడ కూయలే.

కొత్త ఏరు కనవడితే మనమేం జేస్తం? దోసిలి వట్టి, సచ్చిపోయిన పెద్దోళ్ల పేరు మీద నీళ్లిడుస్తం. నేను గూడ దిగిన. మా నాయిన పేరు జెప్పి ఇడిసిన. మా అవ్వ పేరు జెప్పి ఇడిసిన. మూడో దోసిలి వట్టి, రామలింగం పేరు జెప్పిన.

మీ తాత అప్పటికి బతికే ఉన్నడు. ఇంటికాడ మగ్గం మీద కూసున్నడు.

పక్కన బట్ట జాడిస్తున్న ముసలామె, మన మాట ఒక్కటి రాదామెకు, గప్పుడే చెయ్యి ఆపింది. నా మణికట్టు వట్టింది. ఆమె చెయ్యి రాయి లెక్క సల్లగ. నా దోసిట్ల నీళ్లు ఏట్ల వడకుంట ఒడ్డు మీద మట్టిల పారవోసింది. వద్దని తలకాయ ఊపింది. ఆ తర్వాత జరిగింది మీ తాతకు జెప్పలే. నీకు జెప్త, ఆగు.

ఇంటికొచ్చేసరికి ఎండకాలం. బాయిలు ఎండినయి, కడివెడు నీళ్లకు కొట్లాట. మీ తాత మగ్గం గుంటల, గదే కాళ్లు వెట్టే గుంటల, పిక్కలదాక నీళ్లు! మా వదిన చెంబుతోని తోడుతాంది, మళ్ల ఊరుతాంది. చెయ్యి వెట్టి జూసిన. మంచు లెక్క సల్లగ. జర నీలంగ గూడ ఉన్నయి.

అన్నకు జెప్పిన, ఏట్ల నీ పేరొచ్చిందని, ముసలామె పారవోసిందని. పకపక నవ్విండు. "నోరు జారింది తియ్యిరా. పేరు జెప్తేనే సస్తరా? గట్లయితే మన గల్లీల ఒక్కడన్న మిగులునా?" అన్నడు. ఊరందరికి గదే జెప్పిండు. తడికాళ్లతోనే నేసిండు. మూడేండ్లకు కాళ్లు సచ్చువడి మగ్గం దిగిండు. గుంట గారోజే ఎండింది.

రాయి బిడ్డా, ఆపకు. నోరు జారలే. నేను ఓడెక్కే ముందు, పదిమందిల నేను నేసిన చీరె అంచు వంకర ఉన్నదన్నడు మీ తాత. గది కడుపుల వెట్టుకొనే వోయిన. ఆమె పారవోసినంక నేను మళ్ల వంగిన. మళ్ల దోసిలి నింపిన. పేరు జెప్పి ఏట్లనే ఇడిసిన. జారితే ఒక్కసారి జారుతది, రెండుసార్లు జారుతదా?

మీ నాయినకు జెప్పు, గల్లీల జెప్పు. రామలింగం తమ్ముని మీద దయదల్చి, నోరు జారిందని తప్పు జెప్పిండని, ఉన్నదున్నట్టు రాయి.

అంచు మాత్రం వంకర లేకుండె. గది గూడ రాయి.