ఏడు గౌన్లు

ఏలూరు పవర్‌పేటలో, మేడ మీద, దీవెన డిజైన్లు వేసుకునే గది. కైకలూరులో ఆడవాళ్ల బట్టలు కుట్టే హుమా, ఆమె చిన్ననాటి నేస్తం, బస్సు దిగి నేరుగా వచ్చింది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"కూర్చోవే ముందు. మంచినీళ్లు తాగు."

"వద్దు. అది నువ్వే చేశావా, చెప్పు."

"ఏది?"

"ఏదంటావేంటే! మా బస్టాండు ముందు బోర్డు. సంతాన సాఫల్య కేంద్రం వాళ్లది. తాడు మీద ఏడు చిన్న గౌన్లు ఆరేసి ఉన్నాయి."

"ఓ... అప్పుడే పెట్టేశారా? వచ్చే వారం అన్నారే."

"అంటే నువ్వే."

"నేనే. హుమా, చాలా బాగా వచ్చిందే. డాక్టరుగారు చూసి కళ్లు తుడుచుకున్నారు తెలుసా?"

"అవి నా పెట్టెలో గౌన్లే."

"నీ పేరు లేదు కదే. మొహం లేదు, ఊరు లేదు. ఉత్త గౌన్లు. గౌన్లు ఎవరింట్లో ఉండవు?"

"పక్కనే మరియమ్మ టీచరుగారు నిలబడ్డారు, బస్సు కోసం. బోర్డుకేసి చూసి, 'ఏవండీ హుమాగారూ, ఆ మూడో గౌను మా జాకెట్టు గుడ్డలా లేదూ? చిలకపచ్చ మీద ఎర్ర మావిడి పిందెలు. మీరే కదండీ కుట్టారు?' అన్నారు. ఎంత మర్యాదగా అన్నారో."

"అయ్యో."

"జాకెట్లకి పోగా మిగిలిన ముక్కలతో కుట్టానని నీకొక్కదానికే తెలుసు. ఉన్న పువ్వు ఉన్నట్టు దింపేశావ్ కదే! ఒక్క రంగైనా మార్చాలనిపించలేదూ?"

"మార్చి చూశాను, నమ్ము. మారిస్తే కొట్లో కొన్న గౌన్లలా అయిపోయాయి. ఆ ముక్కల్లోనే ఉందే అంతా."

"ఉంటుంది మరి. నా బతుకంతా అందులోనే ఉంది."

"నువ్వు కూడా ఇలా అంటే ఎలా? నాకు ఐడియాలు ఎక్కణ్ణించి వస్తాయి చెప్పు. రోజూ చుట్టూ కనబడేవాటిలోంచే కదా. ఆకివీడులో చేపల పెట్టెల నీలం చూసి స్వీటు షాపు అట్టపెట్టెకి వాడాను. రొయ్యల మేత సంచీ కుట్టు చూసి పచ్చడి సీసాకి అంచు వేశాను. అప్పుడు నువ్వే కదా, దీనివి కళ్లు కావు, గాలాలని అందరికీ చెప్పుకున్నావ్?"

"చెప్పుకున్నాను. మేత సంచీకి అత్తగారుండరు కదే, దీవెనా."

"చూశారా ఆవిడ?"

"ఇంకా లేదు. సాయంత్రం చేపలకి అటే వెళ్తారు. నేను కుట్టే ప్రతి జాకెట్టుకీ హుక్కులు కుట్టేది ఆవిడే. ఏడు ముక్కలూ గుర్తుపడతారు. కోడలు ఆశ వదిలేసుకుందనుకుని, పాపం, నా ముందు ఎవరి పిల్లల్నీ ఎత్తుకోరు. మా ఆయనైతే ఇంక ఆ ఊసెత్తొద్దని ఒట్టేయించుకున్నాడు. ఒట్టేసి కూడా ఏటా రంజాన్‌కి ఒకటి కుట్టి పెట్టె అడుక్కి తోశాను. ఏడేళ్లు. ఎవరికీ చెప్పలేదు."

"నాకు చెప్పావ్."

"చెప్పడమేంటి, ఫొటో తీసుకుంటానే, రంగులు చూసుకుంటానే అంటే నేనే మంచం మీద వరసగా పరిచాను. ముడతలు కూడా నేనే సాపు చేశాను."

"ఆ రోజు నేనూ ఏడ్చాను హుమా. అది మాత్రం అబద్ధం కాదు."

"ఏడ్చావ్. ఏడుస్తూనే పుస్తకంలో ఏదో రాసుకున్నావ్. నా కోసం ఎవరో డాక్టరు పేరు రాస్తున్నావనుకున్నాను, పిచ్చిదాన్ని. ఏం రాశావ్?"

"ఇప్పుడెందుకే అదంతా."

"ఏం రాశావే?"

"'వేసుకునేవాళ్లు రాని గౌన్లు' అని."

"బోర్డు మీదున్న మాట."

"వాళ్లు మార్చలేదు. కింద 'మేమున్నాం' అని కలిపారంతే."

"నన్ను అడగొచ్చు కదే. ఒక్క ఫోను."

"అడుగుదామనే అనుకున్నాను. రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా."

"తీసుకుని?"

"వద్దంటావేమోనని..."

"వద్దంటానని తెలుసన్నమాట."

"తెలుసు."

"బయటివాళ్లెవరైనా చేసుంటే వీధిలో నిలబెట్టి కడిగేసేదాన్ని. నువ్వు చేశావు కాబట్టి ఎవరితో చెప్పుకోవాలో కూడా తెలీడం లేదు. ఇలాంటివి నేను చెప్పుకునేది నీతోనే కదే."

"హుమా, నన్ను చూడు. ఇప్పుడే వాళ్లకి ఫోను చేస్తాను. మధ్యాహ్నంలోపు దించేయిస్తాను."

"దించేస్తే? టీచరుగారు చూసింది కూడా దించేస్తారా?"

"నేనే మీ ఇంటికొచ్చి అత్తగారికి చెప్తాను, అదంతా నా బుర్రలో పుట్టిందేనని. ఏయ్, ఎక్కడికే? ఆగు. కనీసం కాఫీ తాగి వెళ్లు. దీనికోసం ఇంత ఎండలో బస్సులో పడి రావాలా? ఫోన్లో నాలుగు తిట్టేస్తే పోయేది కదా."

"నేను దీనికోసం బయల్దేరలేదు. బోర్డు చూసింది బస్సెక్కబోతూ."

"మరి దేనికి బయల్దేరావ్?"

"వదిలెయ్."

"చెప్పవే."

"నాకు మూడో నెల. మా ఆయనక్కూడా ఇంకా చెప్పలేదు, ముందు నీకు చెబుదామని వచ్చాను."