కడగని బూట్లు

కర్నూలును వరద ముంచిపోయి మూడు నెలలైంది. జనాన్ని దాటిస్తూ నీటిపాలైన భర్త కాళ్లనుంచి తీసిన రబ్బరు బూట్లను సుప్రజ ప్లాస్టిక్ సంచిలోంచి బయటపెట్టింది. పడవ పందేల్లో అతని జతగాడైన భూపేష్ ముఖం తిప్పుకున్నాడు.

“ఇంత కంపేంది వదినా? కడగలేదా?”

“కడిగితే ఆయన వాసన పోతాదని తడి మీదనే కట్టిపెట్నాప్పా. దినామూ విప్పి చూసుకుంటాండా.”

భూపేష్ ఒక బూటు అందుకుని లోపల వేలు పెట్టి చూశాడు.

“నా బూట్లూ ఇట్లే అయితాయి వదినా. ఆరబెట్టకుండా కట్టిపెడితే తడి లోపలే మురుగుతాది. ఎవురివైనా ఇంతే.”

“అంటే ఇది ఆయన వాసన కాదా?”

“వరద నీళ్ల కంపు, వదినా.”

సుప్రజ సంచిని ఒళ్లో పెట్టుకుని, మెల్లగా మడత పెట్టసాగింది.

“బురదైనాయని ఆయన చొక్కాలన్నీ ఉతికేస్తినే అప్పా.”