ఎటు తిప్పితే అటు తిరిగే ఇంజిను

"అవ్వా, కొట్టంలో మూలనున్న ఆ ఇంజిను పాత ఇనుముకు వేసేద్దామా?" అంటివి. వెయ్యి, ముందు నన్ను వేసి ఆ తర్వాత దాన్ని వెయ్యి. కూర్చో మే. ఆ ఫోన్లో నా మాటలు పడతాండాయా? సరి, పడనీ.

మోసపోయింది నేను. మీ నాయన పాలు మరిచిన ఏడు, అరవోళ్ళ ఆడి నెలలో. నా బావినీళ్ళ వంతు మూడుసార్లు లాక్కున్నది మా బావ, అదే, మీ తాతకు అన్న. ఆయన ఇప్పుడు లేడు. ఉన్నా ఇట్లే చెబుదును.

మనది ఆయనతో పొత్తు బావి. మంగళవారం, శుక్రవారం మన వంతు, మిగిలినవి ఆయనవి. ఎవరి వంతుకు వాళ్ళే నీళ్ళు ఎత్తుకోవాల. పొద్దు నడినెత్తికి వచ్చేలోపల కాలవలో నీళ్ళు పారకపోతే ఆ వంతు రెండోవాళ్ళది. ఎవరు పెట్టిన కట్టడో, నన్నయితే అడగలేదు.

ఇంజినా, చెబుతా ఉండు. టూ స్ట్రోకు డీజిలు. బావ దగ్గరుండే పెద్దది రెండు సుట్లకు ఒక దెబ్బ కొడుతుంది, ఇది సుట్టుకొక దెబ్బ. అందుకే ఇంతే ఉన్నా అంత బలం. వాల్వుల గొడవ లేదు. ఒక మూట వడ్లంత బరువు, అంతే. నా కమ్మలు పోయినాయి దానికి, మారండహళ్ళి సంతలో రెండు ఆవులు కూడా. లేదు లేదు, ఒక ఆవు, ఒక పెయ్య. చెడ్డగుణాలూ చెప్పాల గదా. ఆయిలు తాగుతుంది, మీ తాత కాపీ తాగినట్లు. దాని అరుపుకు పక్క ఊరి కుక్కలు జవాబు చెప్పేవి. పొగ పోయే రంధ్రంలో మసి పేరుకుంటుంది, నెలకొకసారి వెదురుపుల్లతో గీకకపోతే దమ్ము కట్టినట్లు మూలుగుతుంది.

ఆ ఏడు ఎండకు బావిలో నీళ్ళు దిగిపోయినాయి. గట్టు మీద నుండి ఏ పంపుకూ అందలేదు. బావ ఇంజిను కదిలించాలంటే బండి కావాల, అది బావిలోకి ఎట్లా దిగుతుంది? ఆయన ఎద్దులను కట్టి, తోలు బానతో తోడే పాత కపిల బయటికి తీసినాడు. మన ఇంజినేమో కర్రకు కట్టి ఇద్దరం ఆడోళ్ళం మోసినాము. ఒక కొన నేను, ఇంకో కొన ఎవరనుకున్నావు? బావ పెండ్లామే, మా మునెమ్మక్క. మొగుడికి తెలియకుండా. నవ్వుకుంటా మెట్లు దిగి, లోపల రాతి అరుగు మీద పంపు పక్కన పెట్టి, రెంటికీ బెల్టు తగిలించినాము. పొగకు గొట్టం పైదాకా కట్టినాము.

మీ తాత తాడు చుట్టి లాగినాడు. బుడబుడమని అందుకునింది, నల్లపొగ. నీళ్ళు మాత్రం ఎలుక ఉచ్చ పోసినట్లు. నడినెత్తి పొద్దు దాటింది, వంతు పోయింది. మళ్ళీ మంగళవారం అంతే, శుక్రవారం అంతే. టమాటా చెట్లు తలలు వేలాడేసినాయి, కాయ రంగు తిరిగే వేళ. నాలుగో వంతు కూడా పోతే పీకి పారేయడమే. బావ కపిల మీద కూర్చుని, "ఏమ్మా మరదలా, పుస్తకాలు చదువుతావంట. నా ఎద్దులకు పుస్తకం అక్కర్లేదే" అన్నాడు.

నాకు చదువెవరు చెప్పినారు? అంగడి పొట్లాల కాగితాలే నా బడి. అరవం అట్లా వచ్చింది, తెలుగు పాత పంచాంగంలో వచ్చింది. ఇంజినుతో వచ్చిన పుస్తకానికి మీ తాత కుంకుమ పెట్టి దేవుని పటాల వెనక దోపినాడు. తెరిచింది నేను. మసి అనుకుని గీకినాను, వాషరు మార్చినాను. ఊహూ.

నాలుగో వంతు. పొద్దు పైకి ఎక్కుతాంది. ఇంజిను పక్క మెట్టు మీద కూర్చున్నాను, కొప్పులో చామంతి జారి తిరిగే బెల్టు మీద పడింది. అది పంపు దిక్కు పోవాల. నా దిక్కు ఎగిరొచ్చి ముక్కుకు తగిలింది. పుస్తకంలో మాట అప్పుడు గుర్తొచ్చింది: చక్రం బాణం చూపే దిక్కే తిరగవలెను.

సంగతి తెలిసిందా? గట్టు మీద మీ తాత ఈ పక్క నిలబడి లాగేవాడు. అరుగు మీద ఈ పక్క చోటు లేదు, ఎదురుపక్క నిలబడి తాడు తిరగేసి చుట్టినాడు. పెద్ద ఇంజిను వెనక్కి తిప్పితే మొరాయిస్తుంది, తప్పు తెలిసిపోతుంది. ఇది మంచిది పాపా, మరీ మంచిది, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. పంపు కూడా వెనక్కి తిరిగితే నీళ్ళు ఎట్లా వస్తాయి?

"ఆపు" అన్నాను. "మళ్ళీ ఎందుకే, పరువు పోతుంది" అన్నాడు మీ తాత. తాడు పెరుక్కుని, బాణం చూసుకుని చుట్టి, బావను తలుచుకుని లాగినాను. పైన కాలవలో నీళ్ళు దబదబ పడిన శబ్దం విని మునెమ్మక్క గట్టు మీద నుండి వేసిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బావ ఎద్దులు బెదిరి పక్క చేనులోకి పోయినాయి, ఆయన వాటి వెనక.

ఎద్దులను తోలుకుని దప్పికతో వచ్చినాడు, ఆ మూడు వంతులు తిరిగి ఇస్తానని ఒప్పుకున్నాకే ఆయనకు మజ్జిగ ఇచ్చినాను.

చల్లగా ఉండు తల్లీ. ఏది చేతికొచ్చినా పుస్తకం తెరిచి చూడు, కుంకుమ తర్వాత పెట్టుకోవచ్చు. పోయేటప్పుడు కొట్టం గోడ చూసి పో. సున్నంతో రాసినాను, ఊరికోసం అరవంలో, నాకోసం తెలుగులో: ఇంజినుకు జబ్బు లేదు, నీళ్ళు వచ్చినాయి, ఆడి పద్దెనిమిది, మంగళవారం.