అయిదో ముడి

బస్తర్ సంస్థానంలో, గుగ్గిలం అడవి నరకడానికి వచ్చిన తుపాకుల వాళ్ళకు పల్లెలవాళ్ళు విల్లంబులతో అడ్డం నిలిచిన ఏడాది. శబరి రేవుకు పూట నడక దూరాన, తమ వాకిట్లో కోసి, ఆమె పెనిమిటి హడ్మా.

"రేపు ఏం చెప్తవు?"

"మళ్ళ అదేనా, కోసీ? ఒక పొద్దు ముడి విప్పుడు మరిచిన అని చెప్త. చచ్చిన మీ అన్న జోగ బావ గురుతుకు రాయి నిలబెట్టే కాడ, అందరి ముంగట."

"జ్వరమొచ్చింది అనరాదు?"

"నా ఎంబడి ఇరవై మంది. అందరికీ వచ్చిందా జ్వరం? తాడు నా చేతిల ఉండె. పొద్దుకొక ముడి విప్పు, ఆఖరిది విప్పిన పొద్దు రేవుకు రా అని జోగ బావ పంపిండు. మేం పోయేసరికి..."

"చెప్పకు."

"ఇసుకల పదకొండు పీనుగులు."

"చెప్పకంటున్న గద. అన్న ఎందుకు నిలబడ్డడు? వెనక గుట్ట ఉండె. నువ్వు రాకుంటే ఎక్కుతడనే అనుకున్న."

"ఎప్పుడనుకున్నవు?"

"ఎప్పుడో. ఊరికే."

"ఏటిల పడి బతికొచ్చిన బుధ్రా చెప్పలే? గుట్ట ఎక్కుదామని అందరూ అన్నరంట. బావ వినలే. హడ్మా మాటిచ్చిండు, మనం పోయినంక వాడొస్తే తుపాకుల ముంగట పడ్తడు అన్నడంట."

"నీ కోసం నిలబడ్డడా?"

"నా కోసమే."

"రేపు మరిచిన అని చెప్పకు."

"చెప్పకుంటే? ఇప్పటికే నా చేతి జావ ఎవరూ తాగుతలేరు."

"నువ్వు మరవలే. అన్న పంపింది నాలుగు ముళ్ళే. తాడు ముందు నా చేతికొచ్చింది. అయిదోది నేనేసిన. ఒక్క పొద్దు దాటితే నువ్వు మిగుల్తవు, అన్న గుట్టెక్కి మిగుల్తడు అనుకున్న. ఇద్దరూ ఉంటరనుకున్న. ఏమన్న అను. కొట్టు, పో."

"బావది ఎడమచేతి వాటం, కోసీ. ఆయన ముళ్ళు అటు తిరిగి ఉంటయి. ఒక్కటే ఇటు తిరిగి ఉండె."

"చూసినవా?"

"నువ్వు తాడిచ్చిన పొద్దే."

"చూసి ఎందుకు ఊకున్నవు?"

"బావ ముళ్ళు నాలుగూ విప్పిన. నాలుగో పొద్దు విల్లు తీసి, మళ్ళ పెట్టిన. నీ ముడి ఇంకా ఉంది గద అనుకున్న."