ఐదో వరసలో ఒంటరి ఆదివారం

ఆగాగు, అమ్మలూ, దాన్ని తీసెయ్యకు. సున్నం వేసేవాళ్లు సాయంత్రానికి గానీ రారులే. ఏమిటీ, యాభై ఆరేళ్లనాటి క్యాలెండరా? అవును, సరిగ్గా యాభై ఆరేళ్లు. పాతదైతే ఏం, ఒకసారి చూడు. ఇవాళ ఏ వారం? శనివారం. తారీఖు? ఫిబ్రవరి ఇరవై ఎనిమిది. అందులో ఇరవై ఎనిమిది ఏ వారం కింద ఉంది? చూశావా! నీ ఫోనూ అదే చెప్తుంది, ఈ చివికిపోయిన కాగితమూ అదే చెప్తుంది. జనవరి ఒకటి నుంచి డిసెంబరు ముప్పై ఒకటి దాకా ఒక్క వారం తేడా రాదు. ఆఁ? ఇరవై తొమ్మిది లేదా? లేదు. నీ కళ్లు మంచివే. రేపు ఇరవై తొమ్మిది, ఆదివారం, అందులో మాత్రం ఆ గడి ఖాళీ. అదంతా మీ తాత కథ. నువ్వు పుట్టకముందే పోయాడు కదా, నీకేం తెలుస్తుంది. కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దాని కాలు ఊగుతుంది. ఇలా మంచం మీద కూర్చో. తలుపు కాస్త దగ్గరికి వెయ్యి, మీ అమ్మమ్మ పక్క గదిలోనే ఉంది. దానివి ఇంకా పాము చెవులే.

మీ తాత నాకు బావ కాకముందు ప్రెస్సులో కంపోజిటరు. అంటే సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి, వరసగా పేర్చి, పేజీ కట్టేవాడన్నమాట. నేను అదే ప్రెస్సులో మిషను తొక్కేవాణ్ణి. ఇరవై రెండేళ్ల వాణ్ణి, అచ్చు మిషను నా కాలి కింద ఉంటే లోకమే నా కాలి కింద ఉన్నట్టుండేది. మీ అమ్మమ్మ, మా అక్క, వెనక గదిలో బైండింగు పని చేసేది. క్యాలెండర్ల నెత్తిన రేకు పట్టీ వేసి నొక్కడం దాని పని. బావకి ఊళ్లో ఉన్న పేరు తారీఖుల బాబు. నేను తారీఖుల బావ అనేవాణ్ణి, అప్పటికింకా బావ కాకపోయినా. ఎందుకంటే ఏ తారీఖు చెప్పినా వారం చెప్పేసేవాడు. కళ్లు మూసుకుని, పెదాలు ఇలా ఇలా కదిపి, "బుధవారం" అనేవాడు. టీ కొట్టువాడు వాళ్ల గేదె ఈనిన తారీఖు కూడా అడిగేవాడు. చెప్పేవాడు! గేదెకి తెలీకపోయినా ఆయనకి తెలిసేది. కిటుకేమిటని అడిగితే, "ఏముందోయ్, ఏడాదికి యాభై రెండు వారాలూ, పైన ఒక్క రోజు. ఆ ఒక్క రోజే అన్నిటినీ ముందుకి తోస్తుంది. నీ పుట్టినరోజు ఈ ఏడు మంగళవారమైతే వచ్చే ఏడు బుధవారం. మధ్యలో లీపు సంవత్సరం ఫిబ్రవరి అడ్డొచ్చిందనుకో, బుధవారాన్ని గెంతేసి గురువారం మీద కూర్చుంటుంది," అనేవాడు. ఇదే ముక్క మా అక్కకి చెప్పాలంటే మాత్రం గురువారం అన్న మాట గొంతులో అడ్డుపడేది. ఒకసారి అది తన పుట్టిన తారీఖు చెప్పి ఏ వారమని అడిగింది. చెప్పడానికి ఎంతసేపు పట్టిందనుకున్నావ్? మూడు రోజులు. మూడో రోజు సాయంత్రం వెనక గది గుమ్మంలో నిలబడి, "శుక్రవారం" అని చెప్పేసి పారిపోయాడు. అక్క మాత్రం ఆ వారమంతా రేకు పట్టీలు వంకరగానే నొక్కింది.

ఎక్కడున్నాను? ఆఁ, పేజీలు. లోకం మొత్తానికి క్యాలెండర్లు పద్నాలుగేనట, బావ చెప్పేవాడు. ఏడాది మొదలవ్వడానికి ఏడు వారాలున్నాయి, ఫిబ్రవరి పొట్టిదో పొడుగుదో, ఏడు రెళ్లు పద్నాలుగు. మామూలు ఏడాదివి ఆరేళ్లకో పదకొండేళ్లకో మళ్లీ పనికొస్తాయి కాబట్టి, అచ్చయ్యాక పేజీలు ఊడదీయకుండా దారంతో గట్టిగా కట్టి అరల్లో దాచమన్నాడు. ఓనరు ముసలాయన సంబరపడిపోయాడు. "లీపువి?" అన్నాడు. "అవి ఇరవై ఎనిమిదేళ్లకి గానీ తిరిగి రావండీ." "ఇరవై ఎనిమిదేళ్లు నా సీసం పడుకుని నిద్రపోతుందా? ఊడదీసెయ్!" అన్నాడు. అప్పుడు బావ ఇంకో ఉపాయం చెప్పాడు. లీపు ఏడాదికి విడిగా పేజీలు అక్కర్లేదు, జనవరి, ఫిబ్రవరి ఒక పాత ఏడాదివి తీసుకోవాలి, మార్చి నుంచి ఇంకో పాత ఏడాదివి తీసుకోవాలి. ఈ క్యాలెండరు అలా పుట్టిందే. ముందు రెండు నెలలూ గురువారంతో మొదలైన ఏడాదివి, తర్వాత పది నెలలూ శుక్రవారంతో మొదలైన ఏడాదివి. కొత్తగా చెయ్యాల్సింది ఒకటే, ఫిబ్రవరి చివర ఇరవై తొమ్మిది పెట్టడం. క్యాలెండరు అంకెలు రెండు ముక్కలు కావు, ఇరవై తొమ్మిదంటే ఒకే సీసం దిమ్మ, ఇదిగో నా బొటనవేలు గోరంత. ఒక్క దిమ్మ పెడితే అయిపోయింది. అర్థమైంది కదా? అర్థం కాకపోయినా తలాడించు, మీ తాత ముందు అందరం అలాగే తలాడించేవాళ్లం.

క్యాలెండర్లు అచ్చయి ఊరంతా పంచేశారు. మా నాన్న కొట్లోనూ ఒకటి వేలాడింది. నాన్న గడియారాలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం పెట్టుకుని మాట్లాడేవాడు, ఎదుటివాడు కూడా పాడైపోయిన గడియారమే అన్నట్టు. ఫిబ్రవరి మొదటివారంలో మా బావ ఎలా ధైర్యం చేశాడో ఏమో, తిన్నగా కొట్టుకెళ్లి, "మీ అమ్మాయి విషయం మాట్లాడటానికి ఇరవై తొమ్మిదిన వస్తానండీ, ఆదివారం, పొద్దున్న పదింటికి, మా అమ్మని తీసుకుని," అన్నాడట. మళ్లీ పారిపోయాడు. నాన్న ఖుషీగా పెన్సిలు తీసి క్యాలెండరు దగ్గరికి వెళ్లాడు, గుర్తు పెట్టుకుందామని. చూస్తే ఇరవై ఎనిమిది శనివారం. కాగితం తిప్పితే మార్చి ఒకటి సోమవారం. ఆదివారమే లేదు! పెన్సిలు గాల్లోనే ఉండిపోయింది.

ఇంటికొచ్చి ఒకటే గొడవ. "లేని రోజున వస్తానంటాడేమిటే వాడు! నన్ను వెర్రివెధవ అనుకున్నాడా?" అక్క మెల్లిగా, "నాన్నా, ఇది లీపు సంవత్సరం, ఇరవై తొమ్మిది ఉంటుంది," అంది. "ఉంటే వేసినవాడికి తెలీదా? ఆ క్యాలెండరు వేసింది ఎవడు? వాడే! గేదె ఈనిన వారం చెప్పేవాడికి ఫిబ్రవరి చివర ఏముందో తెలీదా? నా పని గంటలూ నిమిషాలూ. రోజుల సంగతి వాడి పని. ఇష్టం లేకపోతే లేదని చెప్పాలి గానీ ఇలా ఎగతాళి చేస్తాడా?" చూడు, నాన్న మాటలో తప్పేమైనా ఉందా? ఆ ప్రెస్సులోంచి అచ్చుతప్పు వస్తుందంటే నమ్ముతారు గానీ తారీఖుల బాబు చేతిలో తారీఖు పోతుందంటే ఎవరు నమ్ముతారు? అక్కకి కూడా అనుమానం పట్టుకుంది. బావ కనబడితే మొహం తిప్పుకునేది. ఆయనకేమో సంగతే తెలీదు. ఎందుకంటే ఊరంతా చూసే క్యాలెండరుని చూడని మనిషి ఆయనొక్కడే, అన్నీ తలకాయలోనే ఉన్నాయిగా! "మీ అక్కకి ఒంట్లో బాగాలేదా?" అని రోజూ నన్ను అడిగేవాడు. నేను మిషను తొక్కుతూ, "తలనొప్పి," అనేవాణ్ణి. పాపం మా అక్కకి మూడు వారాలు తలనొప్పి తగ్గలేదు.

అలా ఆదివారం వచ్చింది. పదింటికి బావ వాళ్లమ్మతో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసుకున్న జుట్టు, గోళ్లలో మాత్రం సీసం మరక. ఓనరు ముసలాయన్ని పెద్దమనిషిగా తెచ్చుకున్నాడు. నాన్న భూతద్దం తియ్యకుండానే గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఇవాళ ఏ రోజు బాబూ?" అన్నాడు. "ఆదివారమండీ, ఇరవై తొమ్మిది." "చూపించు," అని కొట్లోంచి తెచ్చిన క్యాలెండరు ఆయన చేతిలో పెట్టాడు. బావ చూశాడు. అబ్బ, ఆ మొహం నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది అమ్మలూ! తన ఇంటికి తానే వచ్చి, ఇల్లు లేకపోతే ఎలా ఉంటుంది? అలా ఉంది. కాగితం తిప్పాడు, మళ్లీ తిప్పాడు. తలుపు చాటు నుంచి అక్క తొంగి చూసింది. ఓనరు, "ఏమిటయ్యా, ఏమైంది?" అంటూ మెడ చాచాడు. బావ తలెత్తి నా వైపు చూశాడు. ఒక్కసారే. తర్వాత నాన్న వైపు తిరిగి, "తప్పు నాదేనండి. ఆ పేజీ కట్టేటప్పుడు నా మనసంతా మీ ఇంటికి రావడం మీదే ఉంది. ఆ దిమ్మ పెట్టడం మర్చిపోయాను," అన్నాడు.

ఓనరు ముందుకొచ్చి, "నాలుగు వేల కాపీలు! నాలుగు వేల ఇళ్లలో నా పేరు ముంచావు కదయ్యా!" అని కేకలు. బావ వాళ్లమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. మా నాన్న మాత్రం భూతద్దం తీశాడు, తుడుచుకున్నాడు, గాల్లో వేలితో ఏవో లెక్కలు వేసుకున్నాడు. "నాలుగేళ్లకి ఒక రోజు పోగొట్టాడన్నమాట," అన్నాడు. "అంటే రోజుకి ఒక నిమిషం. రోజుకి ఒక్క నిమిషం తేడా ఉన్న గడియారం వస్తే నేను విప్పను కూడా విప్పను. బాగానే ఉందని చెప్పి తిప్పి పంపేస్తాను. లోపలికి రా బాబూ, అమ్మని కూర్చోబెట్టు." అంతే! లోపల మా అక్క చేతిలో గ్లాసు జారి భళ్లుమంది. నాన్న, "ఇదొకటి, రోజుకి పది నిమిషాలు తేడా," అన్నాడు.

ఓనరు ఊరుకుంటాడా? మర్నాడే నాలుగు వేల చీటీలు కొట్టించాడు, 'ఇరవై తొమ్మిది, ఆది' అని. ఇంటింటికీ వెళ్లి అతికించాలి. "అయిపోయిన రోజుని ఇప్పుడు అతికించి ఏం లాభమండీ?" అంటే, "నా ప్రెస్సు పరువయ్యా!" అన్నాడు. మార్చి నెలంతా బావ చీటీలు పట్టుకుని, అక్క బైండింగు గది జిగురు డబ్బా పట్టుకుని, తోడుగా నేనూ. ఒకావిడ, "ఇంకో ఆదివారం కూడా అతికించి పోండి బాబూ, మా ఆయనకి సెలవొస్తుంది," అంది. వాళ్లిద్దరూ ఒక్కో గోడ ముందు ఎంతసేపు నిలబడేవారో! ఇంత చీటీకి నాలుగు చేతులు కావాలా, చెప్పు? అతికించిన చోటే మళ్లీ మళ్లీ వేళ్లతో నొక్కేవారు. నేను వీధి వైపు తిరిగి నిలబడేవాణ్ణి. మా ఇంటి దానికి మాత్రం నాన్న అతికించనివ్వలేదు. "ఆ ఖాళీ గడే మా అల్లుడి రిపేరు చీటీ, అలాగే ఉండనీ," అన్నాడు. అదే ఇది.

ఏమిటీ? బావ నా వైపు ఎందుకు చూశాడా? తెలివైనదానివే. అందుకే తలుపు వెయ్యమన్నది. అమ్మలూ, బావ మర్చిపోలేదు. దిమ్మ పెట్టాడు. పేజీ మిషనెక్కించింది నేను. ఆ నెల చూశావుగా, ఒకటో తారీఖు ఆదివారం. నాలుగు వరసలూ ఇటుకలు పేర్చినట్టు నిండిపోయాయి, ఐదో వరసలో మాత్రం ఒంటరిగా ఒక ఇరవై తొమ్మిది. పేజీ పాత మామూలు ఏడాదిదని నాకు తెలుసు గానీ, ఈసారి లీపన్న సంగతి నా తలకెక్కలేదు. 'అయ్యో, మా అక్క ధ్యాసలో పడి ఈయన ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది రోజులు పెట్టేశాడు, ఓనరు చూస్తే పరువు పోతుంది' అనుకున్నా. ఆయన్ని కాపాడదామని, ఒట్టు, కాపాడదామనే, ఆ దిమ్మ పీకేసి, అక్కడ చెక్కముక్క దూర్చి బిగించి, నాలుగు వేలూ తొక్కేశాను. ఎవరికీ చెప్పలేదు. ఫిబ్రవరి మొదటివారంలో నాన్న గొడవ పెట్టినప్పుడు నేను చేసిన తప్పు నాకు తెలిసింది. నోరు తెరిస్తే ప్రెస్సులోంచి ఓనరు గెంటేస్తాడు, ఇంట్లోంచి నాన్న గెంటేస్తాడు. అక్క మూడు వారాలు సరిగ్గా అన్నం తినలేదు. నేను మాత్రం రెండు పూటలా తిన్నాను.

బావ ఆ తర్వాత ఒక్క మాట అనలేదు. ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు. ఇరవై ఎనిమిదేళ్లు తిరిగి ఈ క్యాలెండరు మళ్లీ పనికొచ్చిన ఏడు, జనవరి ఒకటిన దీన్ని పెట్టెలోంచి తీసి, దుమ్ము దులిపి, ఇదే మేకుకి తగిలించాడు. తగిలించి, వెనక్కి తిరక్కుండానే, "ఏమోయ్, అది ఇంకా నీ దగ్గరే ఉందా?" అన్నాడు. "ఉంది బావా," అన్నాను. "తెస్తావా?" అనలేదు. "జాగ్రత్తగా దాచు. మళ్లీ ఇరవై ఎనిమిదేళ్లకి అడుగుతాను," అన్నాడు.

ఆ తలగడ కింద పొడుం డబ్బా ఉంది, తియ్యి. పొడుం కాదులే, మూత తీసి చూడు. చిన్నదే గానీ బరువు చూశావా? అంకె తిరగేసి ఉంటుంది, అద్దంలో పెట్టి చూడాలి. ఈ ఏడు జనవరి ఒకటిన క్యాలెండరు నేనే తగిలించాను, నాకు అందక ఆ ఊగే స్టూలెక్కి మరీ. తగిలించి కాసేపు అలాగే నిలబడ్డాను, వెనక్కి తిరక్కుండా. ఎవరైనా అడుగుతారేమోనని. రేపు ఆదివారం...

ఆఁ? ఏమిటక్కా? ఏం లేదే, సున్నం సంగతి మాట్లాడుకుంటున్నాం. తెలుపే వేయిద్దామా, కాస్త నీలం కలపమందామా అని.