తిమ్మప్ప పూసిన లక్క

(2004 జూలై, పుంగనూరు. ట్రాక్టరు మెకానిక్ తిమ్మప్పకు రైతులు ఏర్పాటు చేసిన వీడ్కోలు సభలో, పాలిటెక్నిక్ విశ్రాంత లెక్చరర్ భీమరావు మాటలు)

సభకు పెద్దగా కూచున్న సోమల రైతు గంగులప్ప గారికి, మదనపల్లె నుంచి కుప్పం దాకా తాతలనాటి ట్రాక్టర్లను ఇంట్లో మనుషుల్లా సాకుతున్న రైతు సోదరులకు, ముందు వరసలో ఉన్న అమ్మలకు, నా పక్కన శాలువా కప్పుకుని నేలచూపులు చూస్తున్న మా తిమ్మప్పకు నమస్కారం.

అయ్యా, నేను రాసుకొచ్చిన ప్రసంగం జేబులోనే ఉంది. పోయిన వారం రాసినాను, బాగానే రాసినాను, 'ఇంజన్ల నాడి పట్టిన వైద్యుడు' అని ఒక ముక్క కూడా పెట్టినాను. అది చదవలేను. (నవ్వులు) నవ్వాకండప్పా. నాలుగు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు.

జరిగింది మీలో చాలామందికి తెలుసు, శాంతిపురం నుంచి వచ్చినవాళ్ళ కోసం చెబుతాను. గంగులప్ప గారి నాయన కొన్న ట్రాక్టరు, యాభై నాలుగు మోడలు, పెట్రోలు మీద స్టార్టయి, వేడెక్కినాక కిరోసిన్ మీద నడిచే బండి, దున్నడం మానేసి ఇరవై ఏళ్ళయినా బెల్టు తగిలిస్తే చెరకు గానుగ ఆడించేది. దాని కార్బొరేటర్లో ఒక బెండు తేలుతుంటుంది. అది తేలితే పెట్రోలు ఆగుతుంది, మునిగితే పొర్లుతుంది. బెండు తడి పీల్చకుండా తిమ్మప్ప దానికి లక్క పూసి, నీడలో ఆరబెట్టి బిగించేవాడు. ఒకసారి పూస్తే మూడేళ్ళు చూసుకోనక్కర లేదు. ముప్పై ఏళ్ళు ఆ బండి కింద ఒక్క చుక్క కారలేదు.

పోయినేడాది కారడం మొదలైంది. పూసిన రెండు నెలలకే బెండు మునిగేది. పాపం, రెండు పూతలు వేసే చోట నాలుగు వేసినాడు. ఈ ఫిబ్రవరిలో, బెల్లం పొయ్యి మండుతుండగా బండి స్టార్టు చేస్తే పెట్రోలు పొర్లింది, గాలి పొయ్యి వైపు తిరిగింది, అంతే. పక్కనే ఉన్న పార్వతమ్మ గారి, అంటే గంగులప్ప గారి ఇల్లాలి, కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది.

కారణం చెప్పమని గంగులప్ప గారు నన్ను పిలిపించినారు. చదువుకున్నవాణ్ణి కదా! బెండు తీసి గోటితో గీకితే లక్క జిగురుజిగురుగా వచ్చింది. ఇరవై మంది ముందర అన్నాను, "తిమ్మప్పా, లక్క ఆరకముందే బిగించినావు. నీ చేతికి పని లొంగడం లేదు, ఇంక చాలించు" అని. "లేదు సారూ, పెట్రోలు వాసనే మారి ఉండాది. ఏమో కలిపి ఉండారు సూడండి" అన్నాడు ఈ మనిషి. నేను నవ్వినాను. ఆడలేక మద్దెల ఓడు అన్నాను. మరుసటి రోజు తిమ్మప్ప రిపేరు షెడ్డుకు తాళం పడింది. ఐదు నెలలుగా ఈయన స్పానరు ముట్టలేదు.

ఇంక నాలుగు రోజుల కిందటి మాట. మా ఇంటి తలుపులకు పాలిషు పట్టేదానికి వడ్రంగి మునెయ్య వచ్చి, గిన్నెలో స్పిరిట్టు పోసి లక్క వేసినాడు. ఊరికే అడిగినాను, ఎంతసేపప్పా కరిగేదానికి అని. "స్పిరిట్టు ముందర లక్క నిలుస్తాదా సారూ, సాయంత్రానికి కరిగి కూసుంటాది" అన్నాడు.

కొంచెం మంచినీళ్ళు ఇట్లా ఇయ్యండి.

పోయినేడాది జనవరి నుంచి మన పెట్రోల్లో వందకు ఐదు పాళ్ళు ఎథనాల్ కలుపుతున్నారు. ఎథనాల్ అంటే ఏమి? స్పిరిట్టే! పేపర్లో చదివినవాణ్ణి నేనే, మన చెరకుకు మంచి రోజులొచ్చినాయని టీ అంగట్లో ఉపన్యాసం దంచినవాణ్ణి నేనే. స్పిరిట్టులో లక్క కరుగుతుందని చిన్నప్పటి నుంచి తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు పాఠం చెప్పిన బుర్రకు ఈ రెండూ కలిపి చూడాలని తోచలేదు. ఇంకా ఘోరం వినండి. బండి ఆపే ముందు పెట్రోలు మీదకు మార్చి ఆపండి, మళ్ళీ సులువుగా స్టార్టవుతుంది అని మీకు నేర్పింది ఎవరు? నేనే. నా మాట బుద్ధిగా విన్న గంగులప్ప గారి బెండు, బండి ఆగి ఉన్నంతసేపూ ఆ స్పిరిట్టు కలిసిన పెట్రోల్లోనే నానింది.

నాకే నమ్మకం కుదరక, నా చేత్తో రెండు బెండ్లకు లక్క పూసి, బాగా ఆరబెట్టి, ఒకటి కిరోసిన్లో, ఒకటి మన బంకు పెట్రోల్లో వేసినాను. ఇవిగో సీసాలు, వెనక వాళ్ళు కూడా చూడండి. కిరోసిన్లోది కొత్త గాజులా మెరుస్తోంది. పెట్రోల్లోది అప్పుడే మెత్తబడి చేతికి అంటుకుంటోంది. ఈ పూతలో తిమ్మప్ప చెయ్యి లేదు కదా!

అమ్మా పార్వతమ్మా, కాలిన చేతికి తడిగుడ్డ చుట్టుకుని కూడా, "ఆయప్ప అట్ల సేసే మనిషి గాదు సారూ" అన్నారు మీరు. మీ మాటా వినలేదు. నా తప్పే తల్లీ, మన్నించండి. ఏం తిమ్మప్పా, ఏమన్నా అనప్పా. తిట్టినా సరే.

(తిమ్మప్ప కూచున్నచోటి నుంచే: "సారూ... బెండు తీసేసి, ఇత్తడి రేకుతో బోలుగా సేసి అతికితే తేల్తాది గదా? దానికి లక్క యాల?")

విన్నారా? ఐదు నెలల తరవాత ఇంజను మాట! నాలుగు రోజులు తల బాదుకున్నాను, ఈ ఆలోచన నాకు రాలేదు. (చప్పట్లు)

గంగులప్ప గారూ, శాలువా ఆయనకే ఉండనీండి, చలికాలం పనికొస్తుంది. ఇంక నాకెందుకని మన రైతు సంఘానికి ఈయన అప్పగించిన ఆ స్పానర్ల పెట్టె మాత్రం ఇట్లా ఇప్పించండి. అబ్బా, ఏం బరువు! ఇదిగో తిమ్మప్పా, పట్టుకో. రేపు పొద్దున షెడ్డు తాళం తియ్యి, రేకు నేను తెస్తాను.

ఓపిగ్గా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. వీడ్కోలు ఇవ్వాల్సింది ఈయనకు కాదు. ఎదుటివాడి మాట వినకుండా తీర్పు చెప్పే నా పెద్దరికానికి ఇయ్యండి. ఆ పని నుంచి నేను తప్పుకుంటున్నాను. సెలవు.